స్ప్రింగే కదా అనుకుంటే... గురి తప్పినట్టే!

వేల డాలర్ల పిస్టల్. ఏళ్ల తరబడి సాధన. తీరా పోటీలోకి దిగాక గెలుపోటముల్ని ఒక్కోసారి తేల్చేది మాత్రం ఓ చిన్న ఉక్కు స్ప్రింగు. అది బరువైతే ఒక తంటా, తేలికైతే మరో తంటా. అందుకే అమెరికాలోని పోటీ షూటర్లు తూటాల మీద పెట్టినంత శ్రద్ధా స్ప్రింగు మీదా పెడతారు.

చెవులకు మఫ్లు, కళ్లకు అద్దాలు, నడుముకు పిస్టల్. ‘ఆర్‌ యూ రెడీ?’ అని అడుగుతాడు రేంజి అధికారి. ఆ తర్వాత ‘స్టాండ్‌ బై’ అంటాడు. ఓ క్షణం నిశ్శబ్దం. ‘బీప్‌’మని టైమర్‌ మోగుతుంది. అంతే... గోడల పక్కనుంచీ కిటికీల్లోంచీ పరుగెడుతూ వంగుతూ అట్టతో చేసిన లక్ష్యాల మీద టపటపా కాల్పులు. మొత్తం 32 గుండ్లు. మంచి షూటరైతే 20 సెకన్లలో ముగించేస్తాడు.

దీని పేరు ప్రాక్టికల్‌ షూటింగ్‌. అమెరికాలో సెలవురోజు వస్తే చాలు, ఎన్నో ఊళ్లలో ఈ పోటీలు జరుగుతుంటాయి. డాక్టర్లూ మెకానిక్కులూ ఇంజినీర్లూ గృహిణులూ... అందరూ వస్తారు. పోటీ ముగిశాక వాళ్ల కబుర్లు వింటే మాత్రం కొత్తవాళ్లు బిక్కమొహం వేయాల్సిందే.

‘‘ఎన్ని పౌండ్లు?’’

‘‘పదమూడు. పోయిన నెలదాకా పదిహేను.’’

‘‘నేను పదకొండుకు దిగి చూశా. నాకు పడలేదు.’’

ఇదేదో ఒళ్లు తగ్గించుకునే వాళ్ల ముచ్చట కాదు. పిస్టల్లో ఉండే రీకాయిల్‌ స్ప్రింగు గురించి. బాల్‌పెన్నులో ఉండే స్ప్రింగుకి పెద్దన్నయ్యలా ఉంటుందది. వెల పది డాలర్లకు కాస్త అటూ ఇటూ. కానీ దాని బరువు ఎంచుకోవడానికి కొందరు వారాల తరబడి కుస్తీ పడతారు!

తలుపు స్ప్రింగు లాంటిదే...

ఆసుపత్రుల్లో, పాత సినిమా హాళ్లలో తలుపులకు స్ప్రింగులుంటాయి. తోసుకుని లోపలికి వెళితే వాటంతట అవే మూసుకుంటాయి. ఆ స్ప్రింగు మరీ గట్టిదైతే చిన్నపిల్లల బలం చాలదు. తలుపు సగమే తెరుచుకుంటుంది. మూసుకునేటప్పుడు మాత్రం ‘ధన్‌’మని గుమ్మానికి కొట్టుకుంటుంది. అదే స్ప్రింగు సాగిపోయి మెత్తబడిందనుకోండి... కాస్త తోసినా తలుపు వెళ్లి వెనక గోడను గుద్దుతుంది. తిరిగి వచ్చేటప్పుడు పూర్తిగా మూసుకోక ఓరగా ఆగిపోతుంది.

పిస్టల్లో జరిగేదీ అచ్చం ఇదే. ఇక్కడ తలుపు స్లైడు. అంటే బ్యారెల్‌ని కప్పి ఉంచుతూ, ముందుకీ వెనక్కీ కదిలే పైభాగం. దాన్ని తోసే చెయ్యి తూటాలోని మందు.

ట్రిగ్గర్‌ నొక్కగానే తూటాలోని మందు మండుతుంది. గుండు ముందుకి దూసుకెళుతుంది. అదే ఊపు స్లైడుని వెనక్కి తన్నుతుంది. వెనక్కి వెళుతూ స్లైడు ఖాళీ తొడుగుని లాగి బయటకు విసిరేస్తుంది, దెబ్బకొట్టే హ్యామర్‌ని ఎక్కుపెడుతుంది, కింద ఉన్న స్ప్రింగుని నొక్కేస్తుంది. చివరికంటా వెళ్లి ఆగాక ఇక స్ప్రింగు వంతు. అది స్లైడుని ముందుకు తోస్తుంది. వస్తూ వస్తూ మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాని లాక్కుని బ్యారెల్లోకి ఎక్కించి స్లైడు మూసుకుంటుంది. ఇంత తతంగమూ ముగిసేది దాదాపు సెకనులో ఇరవయ్యో వంతులో. కన్ను ఆర్పేలోపే అయిపోతుందన్నమాట.

ఇంతకీ ‘16 పౌండ్ల స్ప్రింగు’ అంటే తక్కెడలో వేస్తే అంత తూగుతుందని కాదు. స్లైడు పూర్తిగా వెనక్కి వెళ్లినప్పుడు అది ఎంత బలంతో ఎదురు తోస్తుందో చెప్పే అంకె అది. మన లెక్కలో 7 కిలోల పావు బరువుని మోసినంత బలం.

దాని పని ‘తర్వాతి గుండు’

గట్టి స్ప్రింగు వేస్తే కుదుపు తగ్గిపోతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. మెత్తటి స్ప్రింగు వేస్తే తగ్గుతుందని ఇంకొందరు వాదిస్తారు. నిజానికి రెండూ సగం సగం మాటలే. గుండు ఎంత బరువు, ఎంత వేగం అన్నదాన్ని బట్టి చేతికి వచ్చే మొత్తం కుదుపు ముందే ఖరారైపోతుంది. ఏ స్ప్రింగూ దాన్ని మాయం చేయలేదు. ఆ దెబ్బ చేతికి ఎప్పుడు, ఎలా అందాలన్నది మాత్రమే స్ప్రింగు చేతిలో ఉంటుంది.

క్రికెట్లో క్యాచ్‌ పట్టేవాళ్లని చూడండి. బంతి వస్తుంటే చేతుల్ని వెనక్కి లాక్కుంటూ పడతారు. బంతి వేగం మారలేదు, దాని ఊపూ మారలేదు. అయినా చేతులు మండవు. దెబ్బ కాస్త ఎక్కువ సేపటికి పరుచుకుంటుంది కాబట్టి. స్ప్రింగు చేసేదీ ఇలాంటి సర్దుబాటే.

మరో విశేషం. ఐదంగుళాల బ్యారెల్లోంచి గుండు బయటపడటానికి పట్టే సమయం సుమారు సెకనులో వెయ్యో వంతు. అప్పటికి స్లైడు కదిలేది కొద్ది మిల్లీమీటర్లే. అంటే స్ప్రింగు తన పని మొదలుపెట్టేసరికే గుండు తన దారిన తాను వెళ్లిపోయి ఉంటుంది. ఇప్పుడు పేలిన గుండుకీ స్ప్రింగుకీ దాదాపు సంబంధమే లేదు. దాని ప్రభావమంతా తర్వాతి గుండు మీదే! కొత్త తూటా సరిగ్గా ఎక్కిందా, తుపాకీ మూతి మళ్లీ గురి మీదికి వచ్చి నిలబడిందా... స్ప్రింగు తేల్చేది ఈ రెంటినే. ఒక్కో లక్ష్యం మీదికి వెంటవెంటనే రెండేసి గుండ్లు కాల్చే ఆటలో అంతకన్నా ఏం కావాలి?

పదహారు ఎక్కడిది?

స్ప్రింగుల చర్చంతా తరచూ ఒక పిస్టల్‌ దగ్గర మొదలవుతుంది. అదే ‘1911’. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, ఆగ్‌డెన్‌ పట్టణంలో పుట్టిన జాన్‌ మోజెస్‌ బ్రౌనింగ్‌ దాని సృష్టికర్త. కోల్ట్‌ కంపెనీ తయారుచేసిన ఆ .45 క్యాలిబర్‌ పిస్టల్‌ సైన్యం పెట్టిన పరీక్షలో 6000 తూటాలు పేల్చి నెగ్గింది. 1911 మార్చిలో అమెరికా సైన్యం దాన్ని అధికారికంగా తీసుకుంది. 1985లో కొత్త పిస్టల్‌ని ఎంచుకునేదాకా అదే సైన్యం ప్రధాన పిస్టల్‌.

ఐదంగుళాల బ్యారెల్‌ ఉన్న ఆ మోడల్‌కి ప్రామాణికంగా స్థిరపడిన రీకాయిల్‌ స్ప్రింగు 16 పౌండ్లది. 230 గ్రెయిన్ల బరువైన గుండు, అంటే దాదాపు 15 గ్రాములు, సెకనుకి సుమారు 830 అడుగుల వేగంతో వెళ్లే తూటాకి అది సరిజోడు. సైనికుడి తుపాకీ బురదలో పడినా పేలాలి, ఎండకి కాగినా పేలాలి. ఎవరి చేతిలో ఉన్నా పేలాలి. అందుకని కంపెనీలు స్ప్రింగుని కాస్త బలంగానే పెడతాయి. రెడీమేడ్‌ చొక్కాలాగా అందరికీ దాదాపుగా సరిపోవాలి మరి!

పోటీ షూటర్‌ సంగతి వేరు. అతనికి బురదా లేదు, దుమ్మూ లేదు. వాడేది ఒకే రకం తూటా. పట్టుకునేది ఒక్కడే మనిషి. అలాంటప్పుడు రెడీమేడ్‌ ఎందుకు, కొలతలిచ్చి కుట్టించుకుంటే పోలేదా? స్ప్రింగుల వేట అక్కడే మొదలైంది.

గ్రెయిన్లూ అడుగులూ గుణిస్తే...

1976లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, కొలంబియాలో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ ప్రాక్టికల్‌ షూటింగ్‌ సమాఖ్య పుట్టింది. ఐపీఎస్‌సీ అంటారు. జెఫ్‌ కూపర్‌ దానికి తొలి అధ్యక్షుడు. మూడు లాటిన్‌ మాటలు ఆ సమాఖ్య నినాదం. వాటి సారం కచ్చితత్వం, శక్తి, వేగం. మూడింట్లో ఏ ఒక్కటి తగ్గినా గెలుపు కష్టమే.

కచ్చితత్వాన్ని లక్ష్యం మీద పడ్డ చిల్లు చెబుతుంది. వేగాన్ని టైమర్‌ చెబుతుంది. మరి శక్తిని కొలిచేదెలా? అందుకో సూత్రం పెట్టుకున్నారు. గుండు బరువుని గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకి అడుగుల్లో తీసుకుని రెంటినీ గుణించి వెయ్యితో భాగిస్తారు. వచ్చేదే పవర్‌ ఫ్యాక్టర్‌. అమెరికా సంఘం నిబంధనల ప్రకారం అది కనీసం 125 ఉంటే ‘మైనర్‌’. 165 దాటితే ‘మేజర్‌’. మేజర్‌ వాళ్లకి లక్ష్యం అంచుల్లో తగిలినా కాస్త ఎక్కువ మార్కులొస్తాయి. పెద్ద పోటీల్లో షూటర్‌ దగ్గర కొన్ని తూటాలు తీసుకుని, ఒకదాన్ని విప్పి గుండుని తూస్తారు. మరికొన్నింటిని పేల్చి యంత్రంతో వేగం కొలుస్తారు. 125కి తగ్గిందా... ఆ పోటీలో స్కోరే ఉండదు!

పాత సైనిక తూటానే లెక్కేయండి. 230ని 830తో గుణిస్తే 190 దాటుతుంది. ఇప్పుడు ఎక్కువమంది వాడే 9 ఎంఎం తూటా సంగతి చూడండి. 124 గ్రెయిన్ల గుండు 1050 అడుగుల వేగంతో వెళితే 130. దుకాణంలో దొరికే తూటాలు చాలావరకు ఇంతకన్నా ఘాటుగా ఉంటాయి. అందుకే పోటీ షూటర్లలో చాలామంది తూటాల్ని ఇంట్లోనే స్వయంగా నింపుకుంటారు. 125కి కొద్దిగా పైన, 130 దగ్గర ఆపుకుంటే కుదుపు తక్కువ, గీత దాటిన ధీమా కూడా.

చిక్కు అక్కడే వస్తుంది. కంపెనీ పెట్టిన స్ప్రింగు ఘాటు తూటాల కోసం. షూటర్‌ పేల్చేది మెత్తటి తూటా. తోసే చెయ్యి బలం తగ్గింది కానీ తలుపు స్ప్రింగు మాత్రం అదే. దాంతో స్లైడు చివరికంటా వెళ్లకుండానే తిరిగొచ్చేస్తుంది. అందుకే తూటా మారినప్పుడల్లా స్ప్రింగు కూడా మారాలి.

బరువెక్కితే... తేలికైతే...

స్ప్రింగు అవసరానికి మించి బరువైతే తొలి లక్షణం ఖాళీ తొడుగులే చెబుతాయి. అవి దూరంగా ఎగరకుండా కాళ్ల దగ్గరే పడతాయి. ఒక్కోసారి పూర్తిగా బయటకు రాకుండా స్లైడు మూతికి చిక్కుకుని పొగగొట్టంలా నిటారుగా నిలబడతాయి. షూటర్లు దాన్ని ‘స్టవ్‌పైప్‌’ అంటారు. ఆఖరి తూటా పేలాక స్లైడు వెనక్కి వెళ్లి ఆగాలి కదా, అదీ ఆగదు. ఇక తిరుగు ప్రయాణంలో స్లైడు విసురుగా వచ్చి కొట్టుకోవడంతో తుపాకీ మూతి కిందకి మునుగుతుంది. షూటర్‌ దాన్ని మళ్లీ పైకెత్తి గురి చూసుకోవాలి.

తేలికైతే కథ తిరగబడుతుంది. స్లైడు వేగంగా వెనక్కి వెళ్లి ఫ్రేమ్‌ని గుద్దుతుంది. తొడుగులు ఎక్కడికో ఎగిరిపోతాయి. వేల తూటాలు పేల్చేసరికి ఆ గుద్దుళ్లకి తుపాకీయే అరిగిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు నిండు మ్యాగజైన్‌లోంచి తూటాని లాగే బలం చాలదు. కాస్త మసి పేరుకుంటే చాలు, స్లైడు పూర్తిగా మూసుకోకుండా వెంట్రుకవాసిలో ఆగిపోతుంది. ట్రిగ్గర్‌ నొక్కితే పేలదు.

మరి అందరూ తేలిక స్ప్రింగు వైపే ఎందుకు మొగ్గుతారు? స్లైడు మెల్లగా తిరిగొస్తే మూతి మునగదు. సైటు ఎక్కడినుంచి లేచిందో అక్కడికే వచ్చి కూర్చుంటుంది. ‘స్లైడు మెల్లగా వస్తే ఆలస్యం కాదా?’ అన్న అనుమానం రావచ్చు. స్లైడు రాకపోకలకి పట్టేది సెకనులో ఇరవయ్యో వంతు. అదే లక్ష్యం మీదికి రెండో గుండు కాల్చడానికి మంచి షూటర్లకే సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. స్లైడు ఎప్పుడూ వేలికంటే ముందే సిద్ధంగా ఉంటుంది. ఆలస్యమయ్యేది సైటు కుదురుకోవడం దగ్గరే.

అందుకే తూటాని బట్టీ తుపాకీని బట్టీ అంకెలు మారిపోతుంటాయి. పూర్తి శక్తి .45కి 16 పౌండ్లు. మెత్తటి లోడు వాడే 1911కి 12 నుంచి 14. ‘ఓపెన్‌’ విభాగంలో మూతికి కాంపెన్సేటర్‌ బిగించిన తుపాకులకైతే 8, 9 పౌండ్ల స్ప్రింగులు కూడా వేస్తారు. మండిన వాయువుల్ని పైకి చిమ్మి మూతి లేవకుండా చూసే పరికరమే కాంపెన్సేటర్‌. ఇవన్నీ మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలే తప్ప, కళ్లుమూసుకుని వేసేసుకునేవి కావు.

ఎలా ఎంచుకుంటారు?

అనుభవజ్ఞుల పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. ముందు తూటా ఖరారు చేసుకుంటారు. పోటీలో ఏది వాడతారో దానితోనే పరీక్ష. తూటా తేలకుండా స్ప్రింగు ఎంచుకోవడమంటే కాలి కొలత తెలియకుండా చెప్పులు కొనడమే. స్ప్రింగులు తయారుచేసే వుల్ఫ్‌ లాంటి కంపెనీలు రకరకాల బరువుల్ని కలిపి పొట్లాలుగా కూడా అమ్ముతాయి.

బరువైన స్ప్రింగుతో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ దిగుతారు. మ్యాగజైన్‌లో ఒకే ఒక్క తూటా పెట్టి పేల్చి చూస్తారు. స్లైడు వెనక్కి వెళ్లి ఆగిందా? రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఒకసారి, ఒంటి చేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఇంకోసారి. పట్టు వదులైతే తుపాకీ కూడా చేతితోపాటు వెనక్కి జరిగి స్లైడు ఊపుని తినేస్తుంది. గట్టి పట్టులో ఆడిన స్ప్రింగు వదులు పట్టులో మొరాయించొచ్చు. అందుకే పక్కవాడికి సరిపడ్డ బరువు తనకీ సరిపోతుందన్న నమ్మకం పనికిరాదు.

ఆ తర్వాత నిండు మ్యాగజైన్‌తో పరీక్ష. మొదటి తూటా ఎక్కడమే అన్నిటికన్నా కష్టం. తర్వాత వెంటవెంటనే రెండేసి గుండ్లు కాల్చి, కాగితం మీద పడ్డ చిల్లుల్ని చూస్తారు. రెండో చిల్లు పదేపదే కిందకి పడుతుంటే స్ప్రింగు మూతిని ముంచేస్తోందేమోనని అనుమానించాలి. పేలకముందే చెయ్యి బిగుసుకునే అలవాటు వల్లా అలా జరగొచ్చు కాబట్టి తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. తొడుగులు ఎంత దూరం పడుతున్నాయన్నదీ ఓ గుర్తే. అయితే వాటిని బయటకు విసిరే భాగాల అమరికని బట్టీ అది మారుతుంది. ఏ ఒక్క గుర్తునీ పట్టుకుని వేలాడకుండా నాలుగింటినీ కలిపి చూసినవాడే సరైన బరువు పట్టుకుంటాడు.

స్ప్రింగు ఒంటరిది కూడా కాదు. 1911లో హ్యామర్‌ వెనక మెయిన్‌ స్ప్రింగు ఉంటుంది. మామూలుగా అది 23 పౌండ్లది. స్లైడు వెనక్కి వెళుతూ ముందు హ్యామర్‌ని వంచాలి. ట్రిగ్గర్‌ తేలిగ్గా ఉండాలని ఈ మెయిన్‌ స్ప్రింగుని తగ్గించారనుకోండి, స్లైడుకి ఉన్న ఓ అడ్డు సడలిపోతుంది. ఆ భారం వచ్చి రీకాయిల్‌ స్ప్రింగు మీద పడుతుంది. ఒకటి కదిపితే ఇంకోటి కదులుతుంది.

గ్లాక్‌ లాంటి పిస్టళ్లలో ఇంకో మెలిక. వాటిలో హ్యామర్‌ ఉండదు, స్ట్రైకర్‌ ఉంటుంది. ట్రిగ్గర్‌ లాగుతున్నప్పుడు స్ట్రైకర్‌ స్ప్రింగు స్లైడుని వెనక్కి తోయాలని చూస్తుంది. రీకాయిల్‌ స్ప్రింగు మూసి ఉంచాలని చూస్తుంది. గ్లాక్‌ 17కి కంపెనీ ఇచ్చేది సుమారు 17 పౌండ్లది. పోటీ షూటర్లు 15కో 13కో దిగుతారు. ఇంకా దిగితే ఈ పెనుగులాటలో స్ట్రైకర్‌ స్ప్రింగు నెగ్గి స్లైడు తెరుచుకోవచ్చు. సరేనని స్ట్రైకర్‌ స్ప్రింగునీ తగ్గిస్తే దెబ్బ బలం చాలక తూటా పేలకపోవచ్చు. అందుకే ఖాళీ తుపాకీ మూతిని పైకి పెట్టి, ట్రిగ్గర్‌ నొక్కి పట్టి, స్లైడుని వెనక్కి లాగి నెమ్మదిగా వదులుతారు. అది తనంతట తానే పూర్తిగా మూసుకుంటేనే ఆ స్ప్రింగు పరీక్ష నెగ్గినట్టు. ఇదంతా నిపుణుల పని. తెలియనివాళ్లు చెయ్యి పెడితే తుపాకీకే కాదు, పక్కవాళ్లకీ ప్రమాదమే.

లాభమెంత... నష్టమెంత?

ఇంత కష్టపడితే మిగిలేదెంత? లెక్క వేసి చూడొచ్చు. ప్రాక్టికల్‌ షూటింగ్‌లో వచ్చిన పాయింట్లని పట్టిన సెకన్లతో భాగిస్తారు. దాన్ని హిట్‌ ఫ్యాక్టర్‌ అంటారు. 32 గుండ్లూ నట్టనడుమ తగిలితే ఒక్కోదానికి 5 చొప్పున 160 పాయింట్లు. 20 సెకన్లు పడితే హిట్‌ ఫ్యాక్టర్‌ 8.

ఇప్పుడు స్ప్రింగు బాగా కుదిరి, గుండుకీ గుండుకీ మధ్య సెకనులో యాభయ్యో వంతు మిగిలిందనుకుందాం. 31 విరామాలకి కలిపి ఆరు పదుల వంతు, అంటే 0.6 సెకను. హిట్‌ ఫ్యాక్టర్‌ 8.25 దాకా పెరుగుతుంది. పోటాపోటీగా ఉన్నచోట ఇది చిన్న లాభమేం కాదు.

అదే స్ప్రింగు మరీ తేలికై ఒక్క తూటా ఇరుక్కుంటే? మ్యాగజైన్‌ని తట్టి, స్లైడుని లాగి, మళ్లీ గురి చూసేసరికి మూడు సెకన్లు ఇట్టే పోతాయి. 160ని 23తో భాగిస్తే 6.96. దాదాపు 13 శాతం నష్టం! ప్రాక్టికల్‌ షూటింగ్‌లో తుపాకీ మొరాయించిందని గడియారం ఆగదు. మరో అవకాశం ఇవ్వరు. ఐదు పోటీల్లో కూడబెట్టిన లాభం ఒక్క ఇరుకులో గంగలో కలిసిపోతుంది.

అందుకే పాతకాపులు పట్టుకునే సూత్రం ఒకటే. తుపాకీ ఇంకా ఎంత తేలిక స్ప్రింగుతో ఆడుతుందో కనిపెట్టి, అక్కడినుంచి ఓ మెట్టు పైకెక్కి ఆగిపోవడం. 12 పౌండ్లతో బాగానే ఆడుతోంది, 11కి మొరాయించిందంటే... పోటీకి వేసుకెళ్లేది 13. ఆ ఒక్క పౌండు మసి పేరుకున్న రోజుకి, చలికి తూటా వేగం తగ్గిన ఉదయానికి, చెమటపట్టి పట్టు జారిన చేతికి బీమా లాంటిది.

మనవాళ్ల పిస్టళ్లలోనూ...

ఆయుధాల చట్టం కట్టుదిట్టంగా ఉండే మన దేశంలో ఈ పరుగుల షూటింగ్‌ పెద్దగా కనిపించదు. మనకు తెలిసింది ఒలింపిక్‌ పద్ధతి. అయితే అక్కడా స్ప్రింగు లేకుండా పని జరగదు. లండన్‌ ఒలింపిక్స్‌లో 2012లో విజయ్‌కుమార్‌ రజతం గెలిచిన 25 మీటర్ల ర్యాపిడ్‌ ఫైర్‌ పోటీనే తీసుకోండి. ఐదు లక్ష్యాల మీద ఐదు గుండ్లు కాల్చాలి. మొదట 8 సెకన్లు, తర్వాత 6, ఆఖరికి నాలుగే సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో స్లైడు ఐదుసార్లు తిరగాలి, వాటి మధ్య ప్రతిసారీ తర్వాతి తూటా సరిగ్గా ఎక్కాలి. హైదరాబాద్‌ అమ్మాయి ఈషా సింగ్‌ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 2023లో రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్‌ పోటీ కూడా .22 తూటాదే. అందులో వేగంగా కాల్చే దశలో లక్ష్యం మూడు సెకన్లే కనిపిస్తుంది. ఒక్కో తడవా ఒక్కో గుండు.

.22 తూటా చాలా చిన్నది. స్లైడుని గానీ బోల్టుని గానీ తోయడానికి దాని దగ్గరున్న శక్తే తక్కువ. అలాంటప్పుడు స్ప్రింగు బలంలో చిన్న తేడా వచ్చినా, కాస్త మసి పేరుకున్నా తేలిగ్గా బయటపడిపోతుంది. తూటా బ్రాండు మారిస్తే పిస్టల్‌ అలిగేది అందుకే. క్రీడాకారులు తమ తుపాకీకి నప్పే తూటాని వెతుక్కుని దానికే కట్టుబడి ఉండటంలో రహస్యం ఇదీ ఒకటి.

చిన్న భాగమే కదా అనుకుంటే ఎంత ముప్పో చెప్పడానికి టోక్యో ఒలింపిక్స్‌ గుర్తుచేసుకుంటే చాలు. 2021లో మను భాకర్‌ 10 మీటర్ల ఎయిర్‌ పిస్టల్‌ అర్హత పోటీ మధ్యలో ఆమె తుపాకీ మొరాయించింది. అది గాలితో పేలేది కాబట్టి ఈ స్ప్రింగుల గొడవ అందులో లేదు. కానీ బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలెన్నో కరిగిపోయాయి. చివరికి 575 పాయింట్లతో పన్నెండో స్థానంలో ఆగి ఫైనల్‌కి దూరమైంది. ఆమే 2024లో పారిస్‌లో అదే ఈవెంట్లో కాంస్యం గెలిచింది. గురి, గుండె రెండూ అవే. తుపాకీ సహకరించడమూ అంతే ముఖ్యమని ఆ రెండు ఒలింపిక్సూ చెబుతాయి.

స్ప్రింగుకీ వయసుంటుంది

ఒకసారి సరైన బరువు దొరికితే పని అయిపోయినట్టేనా? కాదు. వేలసార్లు నొక్కుకుని సాగిన ఉక్కు మెల్లగా పొట్టిదైపోతుంది. 14 పౌండ్లని కొన్నది కొన్నాళ్లకి 12లా ప్రవర్తిస్తుంది. షూటర్‌కి తెలియకుండానే తేలిక స్ప్రింగు వేసుకున్నట్టన్నమాట!

అందుకే కొత్త స్ప్రింగు కొన్నరోజే దాని తోడుది ఇంకోటి కొని పెట్టెలో దాచుకుంటారు. అప్పుడప్పుడూ రెంటినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తారు. వాడినది ఒకటి రెండు చుట్లంత పొట్టిదైతే మార్చేస్తారు. ఎన్ని తూటాలు పేల్చారో పుస్తకంలో రాసుకుని, 1911 లాంటివాటికి రెండువేలకో మూడువేలకో ఓసారి మార్చేవాళ్లూ ఉన్నారు. పాతవాటికి ఏ బరువుదో తెలిసేలా చీటీ కట్టి వేరుగా ఉంచుతారు. లేదంటే పెట్టెలో కలిసిపోయిన స్ప్రింగుల్లో ఏది పదమూడో ఏది పదహారో కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

పోటీకి ముందురోజు కొత్త స్ప్రింగు వేసుకుని నేరుగా బరిలోకి దిగడం మాత్రం ఎవరూ చేయకూడని పని. కనీసం వంద తూటాలైనా పేల్చి, అది తన తుపాకీతో సర్దుకుందని తేలాకే నమ్మాలి. పేలిపోయిన గుండుని ఎవరూ వెనక్కి తీసుకురాలేరు. తర్వాతి గుండుని మాత్రం ముందురోజే సిద్ధం చేసుకోవచ్చు... సరైన స్ప్రింగుతో!